అదనపు కమాను పట్టీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ అదనపు కమాను పట్టీ గారి దివ్యసముఖానికి,

విజయవాడ జవహర్ ఆటోనగర్ నుంచి ఒక ట్రైలర్ బండ్ల సూపర్‌వైజర్ నమస్కరించి రాయునది. తమరంటే లారీ ఇరుసు మీద బరువు మోసే స్ప్రింగు పట్టీల కట్టలో, కంపెనీ పెట్టినవి చాలవని షెడ్డులో దూర్చే ఇంకో ఉక్కు పట్టీ అని తెలియనివారికి మనవి. ఉభయకుశలోపరి. ఉభయ అన్నాను గానీ కుశలం తమరొక్కరిదే. మా ఛాసిస్‌కు క్రాస్ మెంబర్ (అడ్డ దూలం) దగ్గర పగులు, మా డ్రైవర్‌కు నడుము నొప్పి.

ఆటోనగర్‌లో తమరికున్న పలుకుబడి ఎమ్మెల్యేలకు కూడా లేదండీ. బండి వెనక కూలబడిందా, ఇంకో పట్టీ. క్వారీ కిరాయి తగిలిందా, ఇంకో పట్టీ. లోబెడ్ (నేలకు దగ్గరగా ఉండే ట్రైలర్) తగిలించి పొక్లెయిన్ ఎక్కిస్తామన్నారా, రెండు పట్టీలు. కొత్త బండికి మొదటి పూజ దుర్గమ్మ కొండ కింద, రెండో పూజ కమాన్ల షెడ్డులో తమరి సన్నిధిలో. కంపెనీవాళ్లు లెక్కలు కట్టి పెట్టిన కట్టను చూసి మేస్త్రీ నవ్వుతాడు. "వాళ్లకేం తెలుసండీ మన రోడ్లు?" అంటాడు. ఆ మాటలో సగం నిజం ఉంది. తమరి బతుకంతా ఆ సగం మీదే నడుస్తోంది.

మా ఓనర్ గారు ఇప్పుడు కొత్త బండి కొంటున్నారు. పరిటాల, దొనబండ క్వారీలకు పొక్లెయిన్లు చేరేసే లోబెడ్‌ను లాగాలి. వెనక సస్పెన్షన్ (చక్రాల మీద బండిని మోసే అమరిక) ఏది తీసుకోవాలని షెడ్డులో నలుగురిని అడిగితే, నలుగురూ ఒకటే మాట: "ఏదో ఒకటి తీసుకోండి సార్, తర్వాత పట్టీ వేద్దాం." అందుకే ఈ లేఖ.

తమరి విద్య ఒక్కటే, బిగదీయడం. పది పట్టీల కట్టలో అలాంటిదే ఇంకొకటి చేరితే కట్ట సుమారు పదో వంతు గట్టిపడుతుంది. తారు రోడ్డు మీద, నిండు లోడుతో, ఫరవాలేదు. పొక్లెయిన్ దింపేసి ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు చూడాలి తమరి ప్రతాపం. ప్రతి గుంటకూ వెనక చక్రాలు ఎగురుతాయి. నేలను తాకని టైరుకు ఎంత బ్రేకు వేసి ఏం లాభం?

క్వారీ దారికి కావలసింది గట్టితనం కాదండీ, తూగు. ఒక చక్రం రాయెక్కితే ఇంకొకటి గుంటలోకి దిగగలగాలి. దిగలేదా, బరువంతా రాయెక్కినదాని మీదే పడుతుంది, వేలాడే చక్రానికి పట్టుండదు. రెండు చక్రాలకు ఇంజను బలం పంచే డిఫరెన్షియల్ బుద్ధి తమరికి తెలియనిదా? రెంటినీ కలిపి తిప్పే లాక్ వేయకపోతే వేలాడే చక్రమే గిర్రున తిరుగుతూ ఉంటుంది, మిగతా చక్రాలూ వాటి వెనక ట్రైలరూ ఆ తమాషా చూస్తూ నిలబడతాయి. క్లచ్ ప్లేటు వాసన క్రషర్ దాకా వెళుతుంది.

ఈ సంగతి కొత్తదేం కాదు. అమెరికాలో హెండ్రిక్సన్ కంపెనీ 1926లోనే రెండు వెనక యాక్సిళ్ల (ఇరుసుల) మధ్య దూలం వేసింది. వాకింగ్ బీమ్ అంటారు. కావడి బద్ద అనుకోండి. ఇటు ఒక యాక్సిల్, అటు ఒక యాక్సిల్, నడిమధ్య భుజం లాంటి కీలు. ఆ జంటలో ముందున్న చక్రం పది అంగుళాల రాయెక్కితే ఆ కీలు లేచేది ఐదు అంగుళాలే. బరువు రెండు వైపులా సమానంగానే ఉంటుంది. మన టిప్పర్ల బోగీలో (జంట యాక్సిళ్ల అమరికలో) ఈ పని తమరి చుట్టాలే చేస్తారు. తలకిందులుగా పెట్టిన కమాను కట్ట నడుము ట్రనియన్ అనే అడ్డ కడ్డీ మీద ఊగుతుంటే, దాని కొసలు రెండు యాక్సిళ్ల హౌసింగ్‌ల మీద కూర్చుంటాయి. అటూ ఇటూ జరగకుండా టార్క్ రాడ్లు పట్టుకుంటాయి. బరువెక్కువ, బుష్‌లు అరుగుతాయి, ఖాళీ బండి హైవే మీద కుదిపేస్తుంది, అన్నీ నిజమే. కానీ రాళ్లలో చక్రం నేలను వదలదు.

ఓనర్ గారి అబ్బాయికి మాత్రం పట్టీల బదులు గాలి తిత్తుల మీద నిలిచే ఎయిర్ సస్పెన్షన్ కావాలి. ఫోన్లో వీడియో చూశాడు. తప్పు పట్టను. చెన్నై నుంచి కోల్‌కతా దాకా పదహారో నంబరు హైవే మీద తిరిగే బండికి అంతకంటే సుఖం లేదు. లోడున్నా ఖాళీ అయినా లెవలింగ్ వాల్వు గాలి సర్ది ఎత్తును ఒకేలా ఉంచుతుంది. ట్రైలర్ కిందికి దూరేటప్పుడు వెనక భాగం దించుకోవచ్చు కూడా. కానీ క్వారీలో చక్రం మరీ కిందికి వేలాడితే ఆ బెలోస్ (గాలి తిత్తి) సాగిపోతుంది, రాతి మొన తగిలితే చిరుగుతుంది, గాలి పోతే బండి రబ్బరు స్టాపుల మీద కూలబడుతుంది. కిలోమీటర్లు లెక్కేస్తే మా తిరుగుడంతా హైవేనే కదా అని అబ్బాయి వాదన. బండి ఇరుక్కునేది హైవే మీద కాదు బాబూ అన్నాను. ఇరుక్కుంటే క్రేన్ కిరాయి ఎవరు కడతారో అబ్బాయి చెప్పలేదు. మా ఓటు బోగీకే, డిఫ్ లాక్‌తో సహా.

ఇక తమరి మీద ఉన్న పెద్ద మూఢనమ్మకం సంగతి. పట్టీ పెరిగితే మోసే హక్కు పెరుగుతుందని జనం అనుకుంటారు. 2018లో కేంద్రం ఎనిమిది టైర్ల జంట యాక్సిల్ పరిమితిని 19 టన్నుల నుంచి 21 టన్నులకు పెంచింది. ఆ నోటిఫికేషన్‌లో తమరి ప్రస్తావన ఎక్కడా లేదండీ. వీల్ బేరింగుకూ, టైరుకూ, బ్రేకు డ్రమ్ముకూ తమరు వచ్చిన కబురే అందదు. ఓవర్‌లోడు పట్టుబడితే జరిమానా 20,000 రూపాయలు, ఆపైన అదనపు టన్నుకు 2,000. ఆ రసీదు బండి పేరున రాస్తారు. తమరు మాత్రం కట్టలో కాలు మీద కాలేసుకుని ఉంటారు.

పైగా తమరు దూరినచోట కట్ట మందం పెరుగుతుంది. కట్టను ఇరుసుకు బిగించే పాత యూ బోల్టులకు నట్టు పట్టే మర చాలదు, అయినా వాటినే లాగి బిగిస్తారు. లోడు పడి పట్టీలు సర్దుకున్నాక మళ్లీ బిగించాలని ఎవరికీ గుర్తుండదు. బోల్టు వదులైతే పట్టీలను నడిమధ్య కలిపే సెంటర్ బోల్టు తెగుతుంది, హౌసింగ్ పక్కకు జరుగుతుంది, బండి అడ్డంగా నడుస్తుంది. ట్రైలర్‌ను తగిలించే ఫిఫ్త్ వీల్ ఎత్తు పెరిగి ట్రైలర్ ముక్కు పైకి లేస్తుంది. ఇంజను బలాన్ని వెనక చక్రాలకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి వణుకు మొదలవుతుంది. ఆ వణుకు చూసి మేస్త్రీ ఏమంటాడో తెలుసుగా? "కమాను మెత్తబడినట్టుంది సార్, ఇంకో పట్టీ..."

కాబట్టి మనవి. కొత్త బండి షెడ్డు ముందు ఆగినప్పుడు దయచేసి అటు చూడకండి. తమరి ఉక్కు మీద నాకు చిన్నచూపు లేదు. పాత కమాను పట్టీతో కమ్మరులు కొట్టే కొడవలి పదును ఎవరికి తెలియదు? దివిసీమలో వరి కోతలకు ఇంకా చేతి కొడవళ్లు అడిగేవాళ్లున్నారట. తమరు సరేనంటే కొలిమి దాకా రవాణా ఖర్చు మాదే.

ఇట్లు,
తమరి బరువు మోయలేక,
ఒక సూపర్‌వైజర్