తీగ దొరికితేనే మోటారు తిరిగేది

అనంతపురంలో బోరు మోటారు కాలిపోతే రైతు దాన్ని నేరుగా వైండింగ్ షాపుకు తెస్తాడు. మొన్న అలాంటి షాపులో కాసేపు కూర్చున్నాను. మెకానిక్ కాలిన కాయిలును కోసి తీశాడు. ఒక్కో గాడిలో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టాడు, తీగ మందం కొలిచాడు, నోటు పుస్తకంలో రాసుకున్నాడు. డ్రాయింగు లేదు, కంపెనీ సాయం లేదు. అయినా ఆ మోటారు మళ్లీ తిరుగుతుంది.

పరాయి దేశపు యుద్ధ విమానాన్ని విప్పి అలాంటిదే తయారుచేయడం కూడా ఇలాంటి పనేనని చాలామంది అనుకుంటారు. నేను ఒప్పుకోను.

1944లో జపాన్ లక్ష్యాలపై దాడులకు వెళ్లిన మూడు అమెరికా బి-29 బాంబర్లు సోవియట్ దేశపు తూర్పు రేవు వ్లాదివోస్తోక్ ప్రాంతంలో దిగాయి. సోవియట్ ప్రభుత్వం వాటిని తిరిగి ఇవ్వలేదు. స్టాలిన్ ఆదేశంతో విమానాల రూపకర్త టుపొలెవ్ బృందం ఒకదాన్ని విడగొట్టింది, ఒకదాన్ని ఎగిరించి చూసింది, మూడోదాన్ని సరిచూసుకోవడానికి కదపకుండా ఉంచింది. లక్షకు పైగా భాగాలను కొలిచారు, తూచారు. చిక్కు విమానం ఒంటికి తొడిగే లోహపు రేకు దగ్గర వచ్చింది. అమెరికా రేకు మందం అంగుళంలో పదహారో వంతు, అంటే 1.5875 మిల్లీమీటర్లు. మీటర్ల కొలతతో నడిచే సోవియట్ మిల్లుల్లో ఆ మందమే లేదు. మందం పెంచితే బరువు, తగ్గిస్తే బలహీనం. భాగం వెంట భాగానికి లెక్కలు మళ్లీ కట్టి, 1947 మే నెలలో ఆ నకలు విమానం టు-4ను ఎగిరించారు. ఇంజిన్ మాత్రం అమెరికాది కాదు, శ్వెత్సోవ్ సంస్థ సొంతంగా రూపొందించింది.

మా మెకానిక్‌కు రాగి తీగ బజారులో దొరుకుతుంది. టుపొలెవ్‌కు రేకు దొరకలేదు. దాన్ని తయారుచేసే పరిశ్రమను నిలబెట్టుకోవలసి వచ్చింది. వాళ్లకు దక్కిన అసలు లాభం ఆ పరిశ్రమేనని నా నమ్మకం.

జెట్ ఇంజిన్ దగ్గర ఈ తేడా ఇంకా కఠినం. అందులో వేడి వాయువుల ధాటికి తిరిగే టర్బైన్ బ్లేడును కోసి చూస్తే ఆకారం తెలుస్తుంది, ఏ లోహాలు కలిపారో తెలుస్తుంది. మొత్తం బ్లేడు ఒకే స్ఫటికంగా పెరగడానికి అచ్చును కొలిమిలోంచి ఏ వేగంతో బయటికి తీశారో మాత్రం ఆ ముక్క చెప్పదు. రష్యా యుద్ధ విమానం సుఖోయ్-27ను అనుసరించి జె-11బి విమానం తయారుచేసిన చైనా కూడా మొదట్లో రష్యా ఇంజిన్లే వాడింది.

మన తేజస్ యుద్ధ విమానం కోసం తలపెట్టిన కావేరి జెట్ ఇంజిన్‌కు 1989లో అనుమతి వచ్చింది. తేజస్ మాత్రం ఇప్పటికీ అమెరికా ఇంజిన్‌తోనే ఎగురుతోంది. కావేరిని గాలిలో పరీక్షించడానికి 2010లో రష్యా తీసుకెళ్లి, అక్కడి ఇల్యూషిన్-76 విమానానికి బిగించాల్సి వచ్చింది. కొత్త విమానాల కొనుగోలు ఒప్పందాలకు చప్పట్లు కొట్టే ముందు, లోహ ప్రయోగశాలలకు, కొలిములకు, మన సొంత పరీక్షా విమానానికి ఎంత డబ్బు ఇస్తున్నారో ప్రభుత్వాన్ని అడగాలి.