యాంకర్ కావాలంటే ముందు డెస్క్‌లో కూర్చోండి

విశాఖలో డిగ్రీ అవ్వగానే న్యూస్ రీడర్ అయిపోదామని, వేలకు వేలు పోసి యాంకరింగ్ కోర్సుల్లో చేరే పిల్లల్ని చూస్తే కడుపు తరుక్కుపోతోంది. చాలా చోట్ల నేర్పేది మేకప్, నవ్వు, ఓ ఫొటో ఆల్బమ్. వార్త రాయడం నేర్పరు. ఉద్యోగం నిలబెట్టేది మాత్రం అదే.

1983 నవంబరు 14న దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలు చదివిన శాంతిస్వరూప్ గారికి ప్రాంప్టర్ (కెమెరా ముందు స్క్రిప్టు కదిలే తెర) లేదు. స్క్రిప్టు బట్టీపట్టి చెప్పేవారు. ఇప్పుడు ప్రాంప్టర్ ఉంది గానీ, బ్రేకింగ్ పడితే అదీ ఖాళీయే. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలోని ఎల్జీ పాలిమర్స్‌లో స్టైరీన్ అనే విషవాయువు లీకైంది. అలాంటి పూట యాంకర్‌కి దిక్కు ఫోన్‌లైన్లో ఉన్న రిపోర్టర్ ఒక్కడే. గాలి ఎటు వీస్తోంది, ఏ వీధులు ఖాళీ చేయిస్తున్నారు, నగరంలోని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి ఎంతమందిని తెచ్చారు అని అడగాలంటే ముందు ఆ ప్లాంటు దగ్గరి గోపాలపట్నం ఎటువైపో తెలిసుండాలి. తెలియనివాళ్లే బాధితుణ్ని పట్టుకుని "మీకెలా అనిపిస్తోంది" అంటారు. అది వింటే ఒళ్లు మండుతుంది.

ఆంధ్రా యూనివర్సిటీలో జర్నలిజం పీజీ ఉంది, వీలైతే చేయండి. చేసినా చేయకపోయినా లోకల్ కేబుల్ ఛానల్లోనో, వార్తలు రాసి దిద్దే ఏదైనా డెస్క్‌లోనో ఏడాదైనా పనిచేయండి. యాంకర్ పార్ట్ (దృశ్యాలకు ముందు యాంకర్ చదివే భాగం) మూడు వాక్యాల్లో ముగించడం, బైట్ (ఎవరైనా కెమెరా ముందు చెప్పిన మాట) ఎక్కడ కట్ చేయాలో పసిగట్టడం అక్కడే అలవడతాయి.

రోజూ అరగంట పేపరు పైకి చదివి, ఫోన్లో రికార్డు చేసుకుని వినండి. 'ధర' 'దర'గా, 'శాఖ' 'సాక'గా పలుకుతున్నామని అప్పుడే తెలుస్తుంది. ఉత్తరాంధ్ర యాస తప్పు కాదు, ఒత్తులు మింగడం తప్పు. మన యాసను వెక్కిరించి పంపేసేవాళ్లకు ఈ తేడా తెలియదు. స్క్రిప్టులో ఊపిరి తీసుకునే చోట గీత పెట్టుకోండి. 1,25,00,000 అని ఉంటే నాలుక తడబడుతుంది, "కోటీ పాతిక లక్షలు" అని రాసుకోండి.

అసలు పరీక్ష టాక్‌బ్యాక్. మీరు చదువుతుండగానే పీసీఆర్ (ప్రొడక్షన్ కంట్రోల్ రూమ్) నుంచి ప్రొడ్యూసర్ చెవిలో మాట్లాడుతుంటాడు. ఇంట్లో ఒక చెవిలో రేడియో వార్తలు పెట్టుకుని, వేరే వార్త పైకి చదవండి. మొదట్లో మూడో వాక్యానికే చెవిలో మాట నోట్లోంచి వచ్చేస్తుంది. అది ఆగేదాకా సాధన చేయాల్సిందే. ప్రాంప్టర్ వెంట పరిగెత్తకండి. ఆపరేటర్ మీ వేగాన్నిబట్టే తిప్పుతాడు, మీరు తొందరపడితే అతనూ తొందరపడతాడు.

డెమో రెండు నిమిషాలు చాలు: హెడ్‌లైన్స్, ఒక యాంకర్ పార్ట్, బయట తీసిన ఒక పీటూసీ (కెమెరా వైపు చూస్తూ వార్త చెప్పడం). ఆర్కే బీచ్‌లో తీస్తే మైకుకి బొచ్చు కవర్ తొడగండి, లేదంటే గాలి హోరు తప్ప మాట వినపడదు. పొద్దున్నే సముద్రం వెనక పెట్టి నిలబడితే ఎండ వీపు మీద పడి మొహం నల్లగా వస్తుంది. సాయంత్రం తీయండి.

పెద్ద ఛానళ్ల స్టూడియోలు ఎక్కువగా హైదరాబాద్‌లోనే. వెళ్లేముందు బాండ్, నోటీసు పీరియడ్ చదవండి. ఉదయం 5 గంటల బులెటిన్ అంటే 4కే మేకప్ రూమ్‌లో ఉండాలి. క్యాబ్ ఇస్తారా అని అడిగి, ఇస్తామంటే ఆ మాట ఆఫర్ లెటర్లో రాయించుకోండి.