డాంపర్ ఉంది సరే, దానికి పొగ సంగతి చెప్పేదెవరు?

నెల్లూరు పొగతోటలో ఆసుపత్రులు ఒకదాన్ని ఆనుకుని ఒకటి ఉంటాయి. కావలి, గూడూరు, ఉదయగిరి నుంచి కూడా రోగులు ఇక్కడికే వస్తారు. వెంటిలేటర్ మీద ఉన్న మనిషి మంటలొస్తే లేచి పరుగెత్తలేడు. మంట కంటే ముందు అతన్ని చేరేది పొగ. 2011 డిసెంబర్ 9న కోల్‌కతా ఏఎంఆర్ఐ ఆసుపత్రిలో మంట పుట్టింది సెల్లార్‌లో. పై అంతస్తుల్లో దాదాపు 90 మంది చనిపోయారు, ఎక్కువమంది ఊపిరాడకే.

సెంట్రల్ ఏసీ డక్ట్ (గాలిని గదులకు తీసుకెళ్లే గొట్టం) గోడను దాటే చోట డాంపర్, అంటే మూసుకునే రెక్కల తలుపు, పెట్టేది ఈ పొగను ఆపడానికే. కానీ మామూలు ఫైర్ డాంపర్‌లో రెక్కలను తెరిచి పట్టుకునే లోహపు లింకు వేడి 72 డిగ్రీలకు చేరితే గానీ కరగదు, అది కరిగితేనే డాంపర్ మూసుకుంటుంది. దూరం నుంచి వచ్చే పొగ అప్పటికే చల్లారి, దాన్ని దాటి వెళ్లిపోతుంది. అందుకే పొగను పసిగట్టే డిటెక్టర్ చెప్పగానే మూసుకునే స్మోక్ డాంపర్ కావాలి. అప్పుడు అసలు ప్రశ్న, ఆ డిటెక్టర్‌ను ఎక్కడ బిగించారు?

అమెరికాలో పాటించే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం డక్ట్‌లోని డిటెక్టర్ డాంపర్‌కు 5 అడుగుల లోపు ఉండాలి, రెంటి మధ్యా గాలి వచ్చే, పోయే గ్రిల్ ఒక్కటి కూడా ఉండకూడదు. గ్రిల్ ఉంటే అక్కడ లోపలికొచ్చిన పొగను డిటెక్టర్ చూడనే చూడదు. ఇంకో చిక్కు, డక్ట్ వంపు దగ్గర గాలి సుడి తిరుగుతుంది. వంపు దాటాక డక్ట్ వెడల్పుకు కనీసం ఆరు రెట్ల దూరం తిన్నగా ఉంటే మంచిదంటారు తయారీదారులు. ఇరుకు ఫాల్స్ సీలింగ్‌లో ఈ రెండూ కుదరాలంటే డ్రాయింగ్ దశలోనే ఆలోచించాలి. డక్ట్ బిగించేశాక ఖాళీ దొరికిన చోట పెట్టేస్తే కుదరదు.

నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేది మాత్రం ఫ్యాన్ ఆగిన సమయం. డక్ట్ డిటెక్టర్ తనంతట తాను పొగను వెతకదు. గాలి కదులుతూ పొగను శాంప్లింగ్ ట్యూబ్‌లోకి (డక్ట్ గాలిని డిటెక్టర్‌కు చేర్చే సన్న గొట్టం) తెస్తేనే దానికి తెలుస్తుంది. రోహిణి కార్తెలో కరెంటు పోయిందనుకోండి, లేదా ట్రంకు రోడ్డులో బట్టల షోరూమ్ రాత్రి ఏసీ కట్టేసి తాళం వేసిందనుకోండి. గాలి నిలిచిపోతుంది, డిటెక్టర్ గుడ్డిదైపోతుంది. అలాంటి చోట ఫ్యాన్ ఆగగానే డాంపర్ దానంతటదే మూసుకోవాలని అదే కోడ్ చెబుతుంది. గదుల్లో, వరండాల్లో సీలింగ్ డిటెక్టర్లు ఎలాగూ ఉండాలి. పది గదుల గాలి కలిసి ఏసీకి తిరిగి వెళ్లే రిటర్న్ డక్ట్‌లో ఒక గది పొగ బాగా పలచబడిపోతుంది. కాబట్టి డక్ట్ డిటెక్టర్ ఉందని గదిలోది మానేయడం తప్పు.

అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (అనుమతి పత్రం) తనిఖీలో టెస్ట్ బటన్ నొక్కితే బెల్ మోగుతుంది. దాంతో అలారం పనిచేస్తుందని తెలుస్తుందే తప్ప, పొగ ట్యూబ్‌లోకి చేరుతుందో లేదో తెలియదు. ఏసీ నడుస్తుండగా డక్ట్‌లోకి పరీక్ష పొగ వదలాలి. యాక్సెస్ డోర్ తెరిచి, డాంపర్ రెక్కలు పూర్తిగా మూసుకున్నాయా అని కళ్లతో చూడాలి. తర్వాత ఏసీ ఆపి మళ్లీ చూడాలి. నెల్లూరు, ఒంగోలు ఆసుపత్రుల్లో ఈ పని ఐసీయూల నుంచి మొదలుపెట్టాలి, అదీ వచ్చే ఎండాకాలం లోపే.