మోటార్ కాలిపోయిందట!

"మోటార్ కాలిపోయింది సార్" అట. మెకానిక్ వచ్చి రెండు నిమిషాలు కాలేదు. పానా తియ్యలేదు, మీటర్ పెట్టలేదు, కనీసం వంగి చూడను కూడా లేదు. స్విచ్ వేశాడు, నా ఎయిర్ కంప్రెసర్ (గాలి కొట్టే మిషన్) గూయ్‌మని మూలిగింది, ఆపేశాడు. తీర్పు వచ్చేసింది. వైండింగ్‌కి 2,800 అవుతుంది, లేదంటే కొత్తది కొనుక్కోండి అన్నాడు. ఈ మాట చెప్పినందుకు 300.

నాది 24 లీటర్ల చిన్న కంప్రెసర్. గేటుకి రంగు కొట్టుకోవడానికి, ఏసీ ఫిల్టర్ల దుమ్ము ఊదడానికి, అన్నిటికంటే ముందు బండి టైర్లలో గాలికి. ఎందుకు కొన్నానో మీకు నేను చెప్పాలా? పెట్రోల్ బంకులో గాలి ఫ్రీగా ఇవ్వాలని రూలు. మా వీధి చివర బంకులో ఎప్పుడు వెళ్లినా "మిషన్ పని చెయ్యట్లేదు సార్". పది రూపాయలు చేతిలో పెట్టగానే పని చేస్తుంది. అంత త్వరగా బాగుచేసే మెకానిక్ నాకు దొరికుంటే ఈ పోస్టే ఉండేది కాదు.

సరే, అతను వెళ్లాక గేజ్ చూశాను. ట్యాంకులో ఇంకా 70 పీఎస్ఐ గాలి ఉంది. ట్యాంకు అడుగున ఉండే డ్రెయిన్ కాక్ తిప్పి గాలంతా వదిలేసి స్విచ్ వేశాను. డగడగమని తిరిగింది! కాలిపోయిన మోటారండీ!

115 దాకా ఎక్కి ఠక్కున ఆగింది. ఆగినప్పుడు ప్రెషర్ స్విచ్ (ట్యాంకు నిండగానే మోటార్ ఆపేది) దగ్గర ఒక్కసారి తుస్సుమని ఊరుకోవాలి. పంపు మీద మిగిలిన గాలి పోయేది అప్పుడే. ఇది తుస్సుమంటూనే ఉంది. అంటే ట్యాంకులో గాలి వెనక్కి వస్తోంది, దాన్ని రానివ్వకుండా ఆపే వాల్వ్, అదే ఎన్ఆర్‌వీ, పోయింది. పిస్టన్ నెత్తి మీద అంత గాలి కూర్చుంటే మోటార్ మాత్రం ఎలా తిరుగుతుంది పాపం? కెపాసిటర్ వీకైనా, వోల్టేజ్ పడిపోయినా ఇలాగే మూలుగుతుంది. ఇవేవీ చూడకుండా అన్నిటికంటే ఖరీదైన రోగం పేరు చెప్పాడు మహానుభావుడు.

ప్లగ్ పీకేసి, ట్యాంకు మళ్లీ పూర్తిగా ఖాళీ చేసి (గాలి ఉండగా విప్పకండి, ముక్క ఎగిరి మొహానికి తగులుతుంది), రాగి పైపు ట్యాంకులోకి దిగే చోట ఉన్న ఇత్తడి వాల్వ్ ఊడదీశాను. లోపల రబ్బరు బిళ్ళ ఒక అంచున తినేసి ఉంది. దాని మీద నల్ల మసి, తుప్పు. షాపులో బిళ్ళ విడిగా రాదన్నారు. మొత్తం ఎన్ఆర్‌వీ 180, టెఫ్లాన్ టేపు 20. బిగించి, సబ్బు నురగ రాసి చూశాను. ఒక్క బుడగ లేదు.

కానీ ఆ తుప్పు ఎక్కడిది? ఇందాక డ్రెయిన్ తిప్పినప్పుడు గాలితో పాటు గ్లాసుడు నీళ్లొచ్చాయి, చిక్కటి డికాక్షన్ రంగులో. గాలిలో తేమే ట్యాంకులో నీళ్లై చేరుతుంది, అందుకే నేను వాడిన ప్రతిసారీ నీళ్లు వదిలేస్తాను. మరి ఎవరు వదల్లేదు? మా తోడల్లుడు గారు. "రెండు రోజులు, గేటుకి రంగు" అని తీసుకెళ్లి రెండు నెలలు ఉంచుకున్నారు. వోల్టేజ్ పడిపోయేలా సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు, అదీ మేడ మీది నుంచి లాగి మరీ నడిపారు. ఒక్కసారి కూడా నీళ్లు తియ్యలేదు. ట్యాంకు లోపల తుప్పు పట్టి రేకు పల్చబడితే అది పేలుతుందండీ బాబూ. కుక్కర్ విజిల్ కాదు.

ఈయనకిది అలవాటే. నా డ్రిల్ మిషన్ నాలుగేళ్ల క్రితం వెళ్లింది. బిట్ బిగించే చక్ తాళం లేకుండా తిరిగొచ్చింది. అడిగితే "అసలు ఉందా దానికి?" అన్నారు. నిచ్చెన ఇప్పటికీ వాళ్లింట్లోనే ఉంది, దాని మీద బట్టలు ఆరేస్తున్నారు. మా ఆవిడతో అంటే "మా బావగారు కాబట్టి అడిగారు, పరాయివాళ్లా" అంటుంది. పరాయివాళ్లైతే తెచ్చిచ్చేవాళ్లు కదా!

ఇంతకీ ఆ మెకానిక్‌ని పంపింది ఎవరనుకున్నారు? ఆయనే. "మనవాడే, నమ్మకస్తుడు."

ఇప్పుడే ఫోన్ చేశారు. శనివారం కారు దుమ్ము ఊదుకోవాలి, కంప్రెసర్ కావాలట. ఆయన ఫేస్‌బుక్‌లో లేరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

"మోటార్ కాలిపోయింది అన్నయ్యగారూ" అన్నాను. "మీ మనిషే చూసి చెప్పాడు."