పెళ్లిపీటల మీద ఆడించారు, తర్వాత మానేశారు

పెళ్లిరోజు దగ్గర పడిందంటే చాలు, ఫోన్ నిండా రిసార్టుల ప్రకటనలే. కొవ్వొత్తుల వెలుగులో భోజనం, మంచం మీద గులాబీ రేకులు, డ్రోన్ వీడియో, అన్నీ కలిపి ఒక ప్యాకేజీ. డబ్బుంటే వెళ్లండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ అక్కడ ఫొటోలు దిగడం అయిపోయాక పక్క టేబుళ్ల వైపు ఒకసారి చూడండి. ఎదురెదురుగా కూర్చుని ఎవరి ఫోన్ వాళ్లు చూసుకుంటూ ఉంటారు. వెయిటర్ వస్తే ఇద్దరికీ ప్రాణం లేచొస్తుంది, మాట్లాడడానికి ఒక మనిషి దొరికాడని!

నన్నడిగితే మొగుడూ పెళ్లాలకి ముందు కావాల్సింది ఆట. అవును, ఆటే. గెలవడం, ఓడడం, తొండి చేయడం, అలగడం అన్నీ ఉండే ఆట.

ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మన పెళ్లిళ్లు గుర్తు చేసుకోండి. తలంబ్రాలు మొదట పద్ధతిగా పోసుకుంటారు, కాసేపటికి పోటీ మొదలై పళ్లెం ఎత్తి నెత్తిన కుమ్మరించేస్తారు. తర్వాత పూలచెండు. తర్వాత బిందెలో ఉంగరం. బిందె మూతి ఇరుకు, అందులోకి రెండు చేతులు ఒకేసారి దూరాలి. ఉంగరం ఎవరికి దొరికినా చేతులు తగులుతాయి, చుట్టూ ఉన్నవాళ్లు అరుస్తారు, అప్పటిదాకా బిగుసుకుపోయి కూర్చున్న ఇద్దరికీ నవ్వొస్తుంది. ఇంటికొస్తే గుమ్మంలో ఆడపడుచులు అడ్డం. పేర్లు చెప్తేనే లోపలికి. ముక్కూ మొహం సరిగా తెలియని ఇద్దరిని ఒక్క రోజులో దగ్గర చేయడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది?

పదహారు రోజుల పండగ దాటాక ఇదంతా ఏమవుతుంది? "గ్యాస్ బుక్ చేశావా?" "చేశా." "చిన్నదాని ఫీజు కట్టారా?" "రేపు." ఇంతే. ఇల్లు నడుస్తుంది, కాదనను.

అమెరికాలో ఆర్థర్ ఆరన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు కలిసి దంపతుల మీద చేసిన ఒక తమాషా ప్రయోగం 2000లో అచ్చయింది. మొగుడూ పెళ్లాల చేతికి చేయి, కాలికి కాలు కట్టేశారు. మధ్యలో ఒక దిండు. దాన్ని చేతులతో, పళ్లతో పట్టుకోకుండా, కింద పడనివ్వకుండా ఇద్దరూ పాకుతూ అడ్డం దాటి అవతలికి చేర్చాలి. ఇంకొన్ని జంటలకి బంతిని నెమ్మదిగా దొర్లించే చప్పటి పని ఇచ్చారు. ముందూ తర్వాతా ప్రశ్నలడిగి చూస్తే, దిండుతో తంటాలు పడ్డవాళ్లకే తమ బంధం మీద సంతృప్తి ఎక్కువ పెరిగింది. కలిసి ఉన్నంత మాత్రాన సరిపోదు, చేసే పనిలో కొత్తదనం, హుషారు ఉండాలన్నది వాళ్లు తేల్చిన మాట. బిందెలో ఉంగరానికి దగ్గరి చుట్టంలా లేదూ?

ఇంట్లో నాకు బాగా పనికొచ్చింది అష్టాచెమ్మా. నేల మీద సుద్దముక్కతో ఇరవై అయిదు గళ్లు, నాలుగు గవ్వలు. గవ్వలు లేకపోతే ఒక వైపు అరగదీసిన చింతపిక్కలు చాలు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, నాలుగూ బోర్లా పడితే అష్టా. మా ఇంటి పద్ధతిలో ఎదుటివాళ్ల కాయ ఒకటి చంపితే గానీ లోపలి గళ్లలోకి దారి లేదు. పగలంతా ఆఫీసులో బాస్‌కి తలూపి వచ్చిన మనిషి, ఇంటి గడప ముందు తన కాయ చచ్చినప్పుడు పెట్టే గోల వినాలి! మా అత్తగారు మొదట్లో "ఈ వయసులో ఏం వేషాలివి?" అన్నారు. ఇప్పుడు గవ్వలు ఆవిడ చేతికి ఇవ్వకపోతే టీవీ సౌండ్ పెంచేస్తారు.

సంతకి కలిసి వెళ్లడం ఇంకొకటి. చెరో వంద తీసుకుని చెరో వైపు వెళ్లాలి, ఎవరు ఎక్కువ రకాల కూరలు తెస్తే వాళ్లు గెలిచినట్టు. రైతు బజార్లో కుదరదు, అక్కడ ధరలు బోర్డు మీద రాసేసి ఉంటాయి. హైదరాబాద్ వాళ్లకి ఏటా జనవరి మొదట్లో నాంపల్లిలో మొదలయ్యే నుమాయిష్ ఎగ్జిబిషన్ ఉండనే ఉంది. జెయింట్ వీల్ పైకి వెళ్లి ఆగినప్పుడు ఎవరు ఎవరి చేయి ముందు పట్టుకున్నారో నెలల తరబడి వాదించుకోవచ్చు. మే నెలలో ఆవకాయ: ఒకరు కత్తిపీట దగ్గర టెంకతో సహా ముక్కలు కొట్టడం, ఒకరు జీడి తీసి తుడవడం. ఆవపిండి, ఉప్పు, కారం పాళ్ల దగ్గర మీ అమ్మ పద్ధతా, మా అమ్మ పద్ధతా అని గొడవ రాకపోతే ఆ జాడీలో ఏదో తక్కువైనట్టే.

ఇంతవరకూ చదివి "మా ఆవిడకి ఇలాంటివి ఇష్టం ఉండవండీ" అనే మగవాళ్లకి ఒక మాట. ఇష్టం లేక కాదు, ఓపిక లేక. కేంద్ర ప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే చూడండి. జీతం లేని ఇంటి పనులకి, ఆ పనులు చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు పెడితే, మగవాళ్లు పెట్టింది 97 నిమిషాలు. ఆ 97 కూడా ఏదో ఒక పని చేసే మగవాళ్ల లెక్క, అసలు వేలే కదపనివాళ్లు అందులో లేరు. రాత్రి పదింటికి స్టవ్ తుడుస్తున్న మనిషి దగ్గరికి వెళ్లి "రా, ఆడుకుందాం" అంటే గరిట విసిరేస్తుంది, విసరాలి కూడా. ముందు ఆ స్టవ్ మీరు తుడవండి. ఆమె చేతికి ఒక గంట ఖాళీ దొరికితే అప్పుడు గవ్వలు తీయండి.

కొట్టే మొగుడి దగ్గర, తాగి నరకం చూపించేవాడి దగ్గర ఈ ఆటలేవీ పనిచేయవు. నేను వాళ్ల గురించి రాయడం లేదు.

చివరిగా పందెం గురించి. దయచేసి గిన్నెలు తోమడం పందెంగా పెట్టకండి, అది ఓడినా గెలిచినా ఇద్దరూ చేయాల్సిన పని. "పోనీలే పాపం" అని కావాలని ఓడిపోకండి, దానంత అవమానం ఇంకోటి లేదు. మా ఇంట్లో ఓడినవాళ్లు సందు చివరి బండి దాకా నడిచి వెళ్లి మిరపకాయ బజ్జీలు తేవాలి. ఈ మధ్య ఆ బండాయన మా ఆయన్ని చూడగానే "మళ్లీ ఓడిపోయారా సార్?" అని అడుగుతున్నాడట.