సినిమా ఎట్లుందో మనమే చెబుదాం

శుక్రవారం పొద్దున నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో మార్నింగ్ షో మొదలుకాకముందే ఆ సినిమా సంగతి అందరి ఫోన్లలోకి వచ్చేస్తోంది. అమెరికాలో ప్రీమియర్లు మనకు తెల్లారేసరికి అయిపోతాయి, అక్కడ చూసినవాళ్లు ఇంటర్వెల్‌కే సగం తీర్పు రాసేస్తారు, దాన్ని హైదరాబాద్‌లో ఇంకెవరో అందుకుని ఐదుకు 2.5 అనో 2.75 అనో ఒక అంకె వేస్తారు, ఆ అంకె స్క్రీన్‌షాట్ అయి మిర్యాలగూడ, దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. టాకీసు గేటు దాకా వచ్చిన కుర్రాళ్లు ఆ అంకె చూసుకుని వెనక్కి తిరిగి పోతున్నారు. వారం వారం సినిమా చూసేవాళ్లు మన జిల్లాల్లో వేల మంది ఉన్నారు, సినిమా గురించి మాట్లాడటం మొదలుపెడితే చాయ్ దుకాణంలో గంట తెలియకుండా గడిచిపోతుంది, అయినా రాసే దగ్గరికి వచ్చేసరికి మన అభిప్రాయం ఎవరి దగ్గరినుంచో అరువు తెచ్చుకుంటున్నాం. ఇది మాకు నచ్చడం లేదు. అందుకే ఈ రోజు ఈ జాగా సినిమా ముచ్చటకు ఇస్తున్నాం.

ముందు అంకెల సంగతి చూద్దాం. 2.5కూ 2.75కూ మధ్య ఆ పావు ఏమిటో చూసేవాడికి ఎవరూ చెప్పరు. నటన బాగుండి వచ్చిందా, పాటలు బాగుండి వచ్చిందా, నిర్మాత మొహం చూసి వచ్చిందా తెలియదు. 3 దాటితే చూడొచ్చు, లోపల ఉంటే వద్దు అని జనం ఒక గీత గీసుకున్నారు, ఆ గీతకు కాస్త అటూ ఇటూగా అంకె వేసి రాసినవాళ్లు తప్పించుకుంటున్నారు. సినిమాలకు రేటింగులిచ్చే పెద్ద సైట్ల లెక్కలు కూడా చాలామంది అనుకునే తీరుగా ఉండవు. ఐఎండీబీలో కనిపించేది పడిన ఓట్లన్నిటి మామూలు సగటు కాదు, కొన్ని ఓట్లకు ఎక్కువ బరువు, కొన్నిటికి తక్కువ బరువు ఇచ్చి కట్టే సగటు. ఓట్లు అనుమానంగా పడుతున్నాయనిపిస్తే లెక్క పద్ధతి మారుస్తామని వాళ్లే చెప్పుకున్నారు. రాటెన్ టొమాటోస్‌లో 90 శాతం అని ఉంటే అది నూటికి 90 మార్కులని మన పిల్లలు అనుకుంటారు, నిజానికి నూరు మంది సమీక్షకుల్లో 90 మంది మొత్తం మీద బాగుందన్నారని దాని అర్థం. ఆ 90 మందీ ఏదో పరవాలేదు అన్నా అక్కడ కనిపించేది 90 శాతమే. ఇట్లాంటి అంకెను పట్టుకుని ఇద్దరు దోస్తులు రాత్రంతా తిట్టుకోవడం చూస్తుంటే బాధనిపిస్తుంది.

హైదరాబాద్‌లో ఒక సినిమాకు మొదటిరోజు టాక్ బాగా రాకపోయినా ఏదో ఒక మల్టీప్లెక్స్‌లో రోజుకు ఒక్క ఆటైనా మిగులుతుంది, మెల్లగా మంచిపేరు తెచ్చుకునే వీలుంటుంది. మన దగ్గర అట్లా ఉండదు. మహబూబ్‌నగర్‌లో 2021 సెప్టెంబర్‌లో ఏవీడీ సినిమాస్ మల్టీప్లెక్స్ వచ్చింది గానీ చిన్న పట్టణాలకు ఇప్పటికీ సింగిల్ స్క్రీన్ టాకీసులే దిక్కు. అక్కడ చిన్న సినిమాకు శుక్రవారం నుంచి గురువారం దాకానే ఆయుష్షు, ఒక్కోసారి సోమవారానికే పోస్టర్ మారిపోతుంది. శుక్రవారం పొద్దున వచ్చిన అంకె ఆ కొద్ది రోజులనూ మింగేస్తే మన ఊరి జనం ఆ సినిమా బాగుందో బాగాలేదో తేల్చుకునే అవకాశమే రాదు. 2024 మే నెలలో ఎన్నికలు, ఐపీఎల్ ఒకేసారి నడిచి, కొత్త సినిమాల్లేక, జనం రాక, తెలంగాణలో సింగిల్ స్క్రీన్లు పది రోజులు ఆటలు ఆపేస్తున్నామని ప్రకటించాయి. గేటు మూస్తే ఆపరేటర్, టికెట్లు చించే మనిషి, క్యాంటీన్ నడిపేవాళ్లు, సైకిల్ స్టాండు మీద బతికేవాళ్లు అందరూ ఇంట్లో కూర్చోవాలి. ఇదంతా రేటింగుల వల్లే జరిగిందని మేము అనడం లేదు. టాకీసుల పరిస్థితి ఇంత పలచగా ఉన్నప్పుడు చూడకుండా వేసిన ఒక మాట కూడా బరువుగానే పడుతుందని అంటున్నాం.

అయితే సమీక్షలే వద్దనడం దీనికి మందు కాదు. తమిళ నిర్మాతలు విడుదలైన మొదటి మూడు రోజులు ఆన్‌లైన్ సమీక్షలు రాకుండా ఆపాలని మద్రాస్ హైకోర్టుకు పోయారు, 2024 డిసెంబర్‌లో కోర్టు దానికి ఒప్పుకోలేదు, అభిప్రాయం చెప్పడం భావప్రకటన స్వేచ్ఛ అంది. మా మాటా అదే. 2021 డిసెంబర్ జీవో ప్రకారం పన్ను కాక ఏసీ సింగిల్ స్క్రీన్‌లో టికెట్ 150 రూపాయల దాకా, మల్టీప్లెక్స్‌లో 250 దాకా ఉండొచ్చు, పెద్ద సినిమా వస్తే పెంచుకునే అనుమతులు వేరే. నలుగురున్న ఇల్లు ఊరి నుంచి బస్సెక్కి పట్నానికి వచ్చి సినిమా చూసి, ఇంటర్వెల్‌లో పిల్లలకు ఏమన్నా కొనిపెట్టి తిరిగి పోవాలంటే ఎంతవుతుందో ఎవరికి వాళ్లు లెక్క వేసుకోవచ్చు, కూలికి పోయే ఇంట్లో అది చిన్న పైసలు కాదు. అంత ఖర్చు పెట్టిన మనిషికి సినిమా బాగాలేదని చెప్పే హక్కు బయటికి వచ్చిన నిమిషం నుంచే ఉంటుంది, ఖర్చు పెట్టబోయే మనిషికి ఆ మాట వినే హక్కూ ఉంటుంది. మేము అడిగేదల్లా చూసినవాళ్లు చెప్పమని, పూర్తిగా చూసి చెప్పమని, ఏం చూశారో చెప్పమని.

ఏం చూశారో చెప్పడం దగ్గరే మన జిల్లాలవాళ్లు బయటివాళ్ల కంటే ఎంతో ఎక్కువ చెప్పగలరు. భాష సంగతే తీసుకోండి. ఏళ్ల తరబడి తెలుగు సినిమాలో మన యాస పలికింది రౌడీలు, కమెడియన్లే, ఇప్పుడిప్పుడే హీరో హీరోయిన్ల నోట వినిపిస్తోంది, సంతోషమే. అయితే సినిమావాళ్లకు తెలంగాణ యాస అంటే ఒక్కటే, అంతా ఒక్క మూసలో పోసినట్టు పలికిస్తారు. పాలమూరు మాట వేరు, నల్గొండ మాట వేరు, గద్వాల దిక్కు పోతే కర్నూలు, రాయచూరు వాసన తగులుతుంది, నారాయణపేటలో కన్నడం కలుస్తుంది, కోదాడ దాటేటప్పటికి ఇంకో తీరు. ఫలానా పాత్ర పలికిన మాట మన ఊరిదా, హైదరాబాద్‌లో కూర్చుని ఊహించిందా అన్నది ఇక్కడ పుట్టినవాళ్లకు రెండు డైలాగులు వింటే తెలిసిపోతుంది. అమెరికా ప్రీమియర్ చూసి 2.75 వేసినాయన ఇది చెప్పలేడు. చెప్పాల్సింది మనం, చెప్పడం లేదు.

2019 జూన్‌లో వచ్చిన ‘మల్లేశం’ సినిమా మన జిల్లా మనిషి కథ. అప్పటి ఉమ్మడి నల్గొండ జిల్లాలోని, ఇప్పుడు యాదాద్రి భువనగిరిలో ఉన్న ఆలేరు దగ్గరి శారాజీపేటలో పుట్టిన చింతకింది మల్లేశం, ఆసు (నేతకు ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పే పని) పోసీ పోసీ తల్లికి చేతులు నొప్పి పెడుతుంటే చూడలేక ఆసు యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ సినిమాలో మగ్గం దగ్గరి పని నిజంగా జరిగే తీరులోనే చూపించారా, ఆసు పోసే ఆడమనిషి భుజం నొప్పి తెరమీద కనిపించిందా, షావుకారు దగ్గర అప్పు చేసే తీరు నిజమేనా, వీటికి పోచంపల్లి, పుట్టపాక, కొయ్యలగూడెం నేతగాళ్లకంటే బాగా జవాబు చెప్పగలిగే విమర్శకుడు దేశంలో ఎక్కడున్నాడు? గద్వాల, నారాయణపేట చీరలు నేసేవాళ్ల మాట ఏ రేటింగులో వినిపించింది? రైతు సినిమాలు వస్తుంటాయి, వలస కూలీల సినిమాలు వస్తుంటాయి, ముంబైకి, పుణెకు బతుకుదెరువుకు పోయి వచ్చిన పాలమూరు మనిషి వాటిని చూసి, ఇక్కడ నిజం, ఇక్కడ అబద్ధం అని నాలుగు ముక్కలు రాస్తే అది పది రేటింగుల పెట్టు. ఆయనకు రాయడం రాకపోతే కాలేజీలో చదివే కొడుకో బిడ్డో అడిగి రాయొచ్చు.

‘బలగం’ వచ్చినప్పుడు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. 2023 మార్చి 3న విడుదలైన ఆ సినిమాను ఊళ్లలో తెరలు కట్టి అందరూ కలిసి చూశారు, అనుమతి లేకుండా వేస్తున్నారని నిర్మాతలు పోలీసులకు ఫిర్యాదు చేసేదాకా పోయింది. అట్లా వేయడం చట్టం ఒప్పుకోదు, మేమూ ఒప్పుకోం. కానీ ఆ సినిమాను ఇంటింటికీ తీసుకుపోయింది చూసినవాళ్ల నోటిమాటే అన్నది మాత్రం నిజం. మా అన్న గుర్తొచ్చిండు, మా బాపు దినాలు గుర్తొచ్చినయ్ అని ఒకరికొకరు చెప్పుకున్నారు, మాటలు లేని అన్నదమ్ములు మళ్లీ కలిశారన్న వార్తలు వచ్చాయి. ఐదుకు ఎన్ని అన్నది ఆ మాటల్లో ఎక్కడా లేదు.

ఫ్యాన్స్‌కు కొంచెం గట్టిగానే చెప్పాలి. హీరోను ప్రేమించడం తప్పు కాదు, మన కోదాడ దగ్గరి గుడిబండలో పుట్టిన కాంతారావు కత్తి పడితే మన తాతలు ఎంత మురిసిపోయారో మాకు తెలుసు, అభిమానం ఈ నేలకు కొత్త కాదు. కానీ సినిమా ఇంకా చూడకముందే మన హీరోకు 10కి 10, పక్క హీరోకు 10కి 1 వేసి రావడం అభిమానం ఎట్లా అవుతుంది? దానివల్ల మీ హీరో సినిమా మీద మీరు నిజంగా మెచ్చుకున్నా నమ్మేవాళ్లు లేకుండా పోతున్నారు. ఇంకా ఘోరం ఏమిటంటే, సినిమా నచ్చలేదని ఒక ఆడపిల్ల రాస్తే ఆమె ఫొటోల కిందికి పోయి బూతులు రాస్తున్నారు, ఇంట్లోవాళ్లను తిడుతున్నారు, దీంతో మన పట్టణాల్లో సినిమాలు బాగా చూసే, బాగా మాట్లాడగల ఆడపిల్లలు నోరు మూసుకుని కూర్చుంటున్నారు. ఆ తిట్టేవాళ్లు మన ఇళ్లలోని పిల్లలే. గ్రూపు అడ్మిన్లు ఇట్లాంటివాళ్లను ఆ క్షణమే తీసేయాలి, పెద్దవాళ్లు ఇంట్లో అడగాలి, పేరు తెలిసినా ఊరుకోవడం ఇకనైనా మానాలి.

పైసలు తీసుకుని పొగిడేవాళ్ల విషయంలో చట్టం ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం డబ్బో, బహుమతో, ఉచిత ప్రయాణమో తీసుకుని ఒకదాన్ని మెచ్చుకునేవాళ్లు ఆ సంగతి చూసేవాళ్లకు తెలిసేలా చెప్పాలి. తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. యూట్యూబ్ పెట్టుకున్న మన జిల్లాల కుర్రాళ్లు ఈ ముక్క తెలుసుకుని ఉండటం మంచిది, ప్రమోషన్ అయితే ప్రమోషన్ అని మొదట్లోనే చెప్పేయండి, అంతమాత్రాన ఎవరూ మిమ్మల్ని తక్కువగా చూడరు.

ఇంకో అలవాటు చూస్తుంటే మాకు టెన్షన్‌గా ఉంది. సినిమా నచ్చిందని చెప్పడానికి తెరమీద నడుస్తున్న సీన్‌ను ఫోన్‌లో తీసి స్టేటస్ పెడుతున్నారు, హీరో ఎంట్రీకి సగం హాలు ఫోన్లు ఎత్తుతోంది. 2023లో సినిమాటోగ్రఫీ చట్టాన్ని సవరించారు. అనుమతి లేకుండా థియేటర్‌లో సినిమాను రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, కనీసం 3 లక్షల జరిమానా పడొచ్చు, ఆ జరిమానా సినిమా నిర్మాణ ఖర్చులో 5 శాతం దాకా పోవచ్చు. డిగ్రీ చదివే పిల్లగాడు ఒక ముప్పై సెకన్ల క్లిప్ కోసం ఇందులో చిక్కుకోవద్దు. క్లైమాక్స్‌లో ఎవరు చనిపోతారో మొదటిరోజే రాసేయడం నేరం కాదు గానీ, అప్పు చేసి టికెట్ కొన్న పక్కవాడికి అది అన్యాయమే.

మన దగ్గర సినిమా చూసినవాళ్లు చెప్పాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి, హైదరాబాద్ సమీక్షల్లో ఇవి పెద్దగా రావు. పిల్లలతో కూర్చుని చూడొచ్చా అన్నది మొదటిది. ఇప్పుడు యూఏ సర్టిఫికెట్‌లోనే 7, 13, 16 ఏళ్లు అని విడదీసి ఇస్తున్నారు, పోస్టర్ మీద అది చూసి చెప్పినా చాలు. సినిమా నిడివి ఎంత అన్నది మనకు చాలా ముఖ్యం, మూడు గంటలు దాటిన సినిమా ఫస్ట్ షో చూస్తే దేవరకొండ లోపలి ఊళ్లకో, అచ్చంపేట అవతలికో పోయే ఆఖరి బస్సు దొరుకుతుందా లేదా అన్నది ఇంటి ఆడవాళ్లు ముందు అడుగుతారు. తర్వాత టాకీసు సంగతి. డైలాగులు అర్థం కాలేదని సినిమాను తిట్టినవాళ్లలో చాలామంది తిట్టాల్సింది ఆ హాల్లో పగిలిపోయిన స్పీకర్లను. ప్రొజెక్టర్ వెలుగు తగ్గించి వేస్తే రాత్రి సీన్లన్నీ నల్లగానే కనిపిస్తాయి, ఇంటర్వెల్ తర్వాత ఏసీ ఆపితే ఎంత మంచి సెకండాఫైనా ల్యాగ్ అనిపిస్తుంది. అందుకని ఏ ఊళ్లో, ఏ హాల్లో, ఏ ఆట చూశారో రాయండి, సినిమా లోపం వేరు, హాలు లోపం వేరు చేసి రాయండి. బాల్కనీ కుర్చీలు విరిగితే విరిగాయని, ఆడవాళ్ల బాత్రూం శుభ్రంగా ఉంటే ఉందని రాయండి. థియేటర్ యజమానులు కూడా ఇవి చదివి, వచ్చే శుక్రవారం లోపలే ఆ స్పీకర్లు బాగుచేయించాలి.