ఎం.బి.ఏ.లో 'బి' సైలెంట్

ఇప్పుడే ఇంటికొచ్చాను. పట్టుచీర కూడా మార్చుకోలేదు. ఇది రాసేశాకే మార్చుకుంటాను. లేకపోతే ఈ రాత్రికి నాకు నిద్ర పట్టదు.

విషయం చిన్నదే. నరసరావుపేటలో పిన్నివాళ్ళ గృహప్రవేశం. దానికోసం గోవా నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్‌లో దాదాపు రోజంతా కూర్చుని వచ్చాను. భోజనాల దగ్గర గారెల బేసిన్ నా చేతికిచ్చారు, వడ్డిస్తున్నాను. బాబాయి స్నేహితుడి కుటుంబమట, మేం చూడటం ఇదే మొదటిసారి. ఆవిడ విస్తరి మీంచి తలెత్తి నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, అమ్మ వైపు తిరిగి, "అమ్మాయి ఏం చేస్తోందండీ?" అంది.

అమ్మ ఒక్క సెకను కూడా తడుముకోలేదు. "గోవాలో ఎం.బి.ఏ. చేస్తోందండీ."

నన్ను ఇక్కడ ఎప్పట్నుంచో చదువుతున్నవాళ్ళకి తెలుసు, నేను చేస్తున్నది ఎం.ఏ. పోర్చుగీసు. భాష, సాహిత్యం, సంస్కృతి, చరిత్ర అన్నీ కలిపి. గోవా యూనివర్సిటీలో. రెండో ఏడు. అమ్మకీ తెలుసు. ఫీజు కట్టిన రసీదు అమ్మ ఫోన్లోనే ఉంది.

నేను కొయ్యబారిపోయి నిలబడ్డాను. సాంబారు బకెట్టుతో వెనకే వస్తున్న బాబాయి నా చెవి దగ్గరకొచ్చి, "ఏం పర్లేదమ్మా, ఎం.బి.ఏ.లో బి సైలెంట్ అనుకో" అన్నాడు. పిన్ని కిసుక్కున నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఒళ్ళు మండేది అందుకే. జోకు బాగుంది.

సరే, ఆ ఇంట్లో నిలబడి ఎం.ఏ. పోర్చుగీసుని దాచిపెట్టారు కదా, పొద్దుట్నుంచి ఆ ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను వినండి. ఇల్లు కట్టిన మేస్త్రీని పీటమీద కూర్చోబెట్టి కొత్త బట్టలు పెట్టారు. మేస్త్రీ, పోర్చుగీసు. పిన్ని కొత్త అల్మారా తలుపు పదిసార్లు తీసి మూసి అందరికీ చూపించింది. అల్మారా, పోర్చుగీసు. బాబాయి తువ్వాలు భుజాన వేసుకుని, ఇస్త్రీ మడత నలగకుండా తిరిగాడు. తువ్వాలు, ఇస్త్రీ, రెండూ పోర్చుగీసే. వంటవాళ్ళు నీళ్ళ పీపా చాల్లేదని గొడవ. పీపా. పిల్లాడి చొక్కా బొత్తాం ఊడింది. బొత్తాం. భోజనాల చివర్న అనాస ముక్కలు. అనాస. ఇంతమంది నోట్లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా నలిగిన భాషని నేను చదువుతున్నానంటే మాత్రం ఎవరికో పరువు పోతుంది.

ఇక ఆ విస్తట్లో ఏముందో ఎత్తితే ఈ పోస్టు ఇక్కడితో అవదు. టమాటా పప్పు, బంగాళదుంప వేపుడు, పాయసంలో జీడిపప్పు. గోంగూరలో గుంటూరు మిరప. ఇవేవీ మన మట్టిలో పుట్టినవి కావు. అట్లాంటిక్ అవతలి నుంచి వచ్చినవి. మిరపనీ జీడినీ ఓడలో వేసుకొచ్చింది పోర్చుగీసువాళ్ళే. అన్నమయ్య పోయింది 1503లో. వాస్కో డ గామా కాలికట్‌లో దిగి అప్పటికి ఐదేళ్ళు. అన్నమయ్య తన జీవితంలో ఒక్క మిరపకాయ కొరికి ఉండరు, కారమంటే మిరియమే. ఈ ముక్క ఒకసారి ఇంట్లో అంటే మా నాన్నమ్మ నాతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆవిడ దృష్టిలో ఆవకాయ వేదాలకంటే ముందుది.

సరే, అది వదిలేయండి. నాకు బాగా గుచ్చుకున్నది తర్వాత జరిగింది.

భోజనాలయ్యాక, తాంబూలాలు ఇచ్చే టైమ్‌లో, బాబాయి హాల్లో కూర్చుని మొదలుపెట్టాడు. ప్రతి ఫంక్షన్‌కీ ఉండేదే. వాట్సాప్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ ఆయన. "రాయలవారి కాలంలో వీధుల్లో రత్నాలు రాశులు పోసి అమ్మేవారయ్యా! మన చరిత్రని ఈ తెల్లోళ్ళు తొక్కేశారు!" ఆ ఎం.బి.ఏ. ఆవిడ భర్త తల ఊపుతున్నాడు. "రాయలవారు తెల్లారకముందే లేచి నువ్వులనూనె తాగి, ఒళ్ళంతా పట్టించుకుని, చెమటతో ఆ నూనె మొత్తం కారిపోయేదాకా కసరత్తు చేసేవారట. ఇప్పటి కుర్రాళ్ళున్నారు, దేనికి?"

బాబాయ్, నీకు ఆ నూనె సంగతి ఎవరు చెప్పారు?

రాసిపెట్టింది డొమింగో పేస్. 1520 ప్రాంతంలో గోవా నుంచి గుర్రాల వ్యాపారులతో కలిసి విజయనగరం వచ్చిన పోర్చుగీసువాడు. రాయలవారిని కళ్ళారా చూసి రాశాడు. మధ్యస్థమైన ఎత్తు, మంచి రంగు, కాస్త ఒళ్ళున్న మనిషి, ముఖం మీద మశూచి మచ్చలు అని. మన సినిమాల్లో రాయలవారి ముఖం మీద ఒక్క మచ్చ చూశారా మీరు? నూనె కసరత్తు కావాలి, రత్నాల రాశులు కావాలి, మచ్చలు మాత్రం వద్దు. తర్వాత పదిహేనేళ్ళకి నూనిజ్ అని ఇంకొకడు, వాడు గుర్రాల వ్యాపారే, రాయచూరు యుద్ధం గురించి రాశాడు. ఆ ముట్టడిలో రాయలవారి పక్షాన తుపాకులు పట్టుకుని పోర్చుగీసువాళ్ళూ ఉన్నారు. వీళ్ళ రాతలు పారిస్‌లో ఒక లైబ్రరీలో పడి ఉంటే 1897లో అచ్చుకెక్కాయి. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన సీవెల్ దొర 1900లో ఇంగ్లీషులో పెట్టాడు. అక్కడినుంచి మన పాఠ్యపుస్తకాల్లోకి, అక్కడినుంచి ఉపన్యాసాల్లోకి, అక్కడినుంచి బాబాయి ఫోన్లోకి. తెల్లోళ్ళు తొక్కేశారంటున్న ఆ చరిత్రలో సగం తెల్లోడు రాసిపెడితే మిగిలింది. వాడి మాటని వాడి భాషలోనే, మధ్యలో దొర లేకుండా చదవగలిగిన మనిషి ఆ హాలు మొత్తానికి ఒక్కతే ఉంది. దాని చేతిలో తాంబూలాల పళ్ళెం ఉంది.

మధ్యలో ఒకటి. వాళ్ళు విజయనగరాన్ని 'బిస్నాగ' అని రాసుకున్నారు. నోరు తిరక్క. ఇప్పటి పోర్చుగీసులో బిస్నాగ అంటే టూత్‌పేస్ట్ ట్యూబు. రెంటికీ సంబంధం లేదనుకోండి, కానీ క్లాసులో మొదటిసారి తెలిసినప్పుడు నేను ఆపుకోలేక నవ్వాను. ఈ సంగతి బాబాయికి ఇంతవరకు చెప్పలేదు. ఇంకోసారి 'బి సైలెంట్' అంటే చెప్తా.

అప్పుడే మా పిన్ని కొడుకు, బి.టెక్ రెండో ఏడు, "అక్కా, యాప్‌లో కొడితే వచ్చేస్తుందిగా, దానికి రెండేళ్ళెందుకు?" అన్నాడు. తమ్ముడూ, నాలుగొందల ఏళ్ళ కిందటి చేతిరాత, సిరా కాగితాన్ని తినేసి జల్లెడలా అయిన పేజీ. 'కె' అనే చిన్న పదాన్ని కూడా పూర్తిగా రాసే ఓపిక లేక ఒక అక్షరం రాసి నెత్తిన గీత పెట్టి వదిలేసిన గుమస్తా. దాన్ని నీ యాప్‌కి చూపించు, చూద్దాం. గోవా ఆర్కైవ్స్‌లో 'మాన్సూన్ పుస్తకాలు' అంటారు, లిస్బన్‌కీ గోవాకీ మధ్య నడిచిన ఉత్తరాలు. ఓడలు వానగాలుల లెక్క చూసుకుని బయల్దేరేవి కాబట్టి ఆ పేరు. రాజుగారిని అడిగిన ప్రశ్నకి జవాబు రావాలంటే ఏడాది పైన ఆగాలి. వీడు మెసేజ్‌కి రెండు నీలం టిక్కులు పడి ఐదు నిమిషాలైతే "ఏంటక్కా సీన్ చేసి వదిలేశావ్" అంటాడు.

అయినా భాషలో ఉన్న మజా వీళ్ళకేం తెలుసు. పోర్చుగీసులో అక్షరం నెత్తిన చిన్న అల ఒకటి పెడతారు, అప్పుడది ముక్కుతో పలకాలి. రొట్టెని 'పాఁవ్' అంటారు. క్లాసులో గోవా పిల్లలకి కొంకణి ఉంది కాబట్టి ముక్కుతో పలకడం హాయిగా వచ్చేసింది. నేను నెలరోజులు తంటాలు పడ్డాను. ఒకరోజు నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకుందామని చూస్తే, వేలు దానంతటదే అరసున్న పెట్టింది. మనం పలకడం ఎప్పుడో మానేసి, రాయడం కూడా మానేసిన అరసున్న! దాని పని అదే. నాకు ఆ రోజు కళ్ళనీళ్ళు తిరిగాయి, ఎవరికి చెప్పుకోను. అమ్మకి ఫోన్ చేసి చెప్తే, "సరేగానీ భోంచేశావా?" అంది.

ఇంకోటి. 'ఆమె మంచిది' అంటే మనకి అసలు క్రియే అక్కర్లేదు. వాళ్ళకి అక్కడ రెండు క్రియలు. స్వభావానికి ఒకటి, ప్రస్తుతం ఉన్న పరిస్థితికి ఒకటి. 'అమ్మ కోపంగా ఉంది' అన్నప్పుడు ఏ క్రియ వాడాలి? వాడుక ప్రకారం రెండోది. మా ఇంట్లో మాత్రం మొదటిదే సరిపోతుంది.

ఉద్యోగాలుంటాయా అని అడగబోతున్నారని తెలుసు, ఇన్‌బాక్స్‌లో ఇప్పటికే ఇద్దరు అడిగారు. తొమ్మిది దేశాల్లో అధికార భాష. బ్రెజిల్ ఒక్కటే ఇరవై కోట్ల పైన. గోవా 451 ఏళ్ళు వాళ్ళ చేతిలో ఉంది, 1961 డిసెంబరు దాకా. అక్కడ పాత భూమి కాగితాలు, చర్చి రిజిస్టర్లు, జనన పత్రాలు అన్నీ పోర్చుగీసులోనే. ఈరోజుకీ అక్కడి సివిల్ కోడ్‌కి మూలం 1867 నాటి పోర్చుగీసు చట్టమే. వేరే ఒప్పందం రాసుకోకపోతే మొగుడూ పెళ్ళాలకి ఆస్తిలో చెరిసగం, కట్నాలు మాట్లాడే మన పెద్దమనుషులు ఇది విని కాసేపు మంచినీళ్ళు తాగొచ్చు. తాత పుట్టిన కాగితం పట్టుకుని పోర్చుగల్ పాస్‌పోర్టు కోసం తిరిగేవాళ్ళకి అది చదివిపెట్టేవాళ్ళు కావాలి. చాలా? చాలదు. ఎందుకంటే మీరు అడిగింది ఉద్యోగం గురించి కాదు. మా పెద్దమ్మ కొడుకు అమెరికాలో ఎం.ఎస్. ఏదో చేస్తున్నాడు, 'డేటా' అనే మాట ఉంది దాంట్లో, ఇంతకంటే మా ఇంట్లో ఎవరికీ తెలియదు. అడగరు కూడా. నన్ను మాత్రం రొనాల్డో భాషా అనీ, గోవా అంటే బీచ్‌లో క్లాసులా అనీ...

అసలు బాబాయి మీద నా కోపం ఈరోజుది కాదు.

పదో తరగతిలో తెలుగులో స్కూల్ ఫస్ట్ నేను. సీసమో తేటగీతో చెవిన పడితే గుర్తుపట్టేదాన్ని. మా తెలుగు మాస్టారు ఇంటికి రమ్మని పుస్తకాలిచ్చేవారు. ఇంటర్లో చేరేటప్పుడు ఎం.పి.సి. అన్నారు, సరే అన్నాను. సెకండ్ లాంగ్వేజ్ మాత్రం తెలుగు పెట్టండి అన్నాను. అప్లికేషన్ పూర్తిచేసింది బాబాయి. సంస్కృతం అని రాశాడు. "తెలుగైతే 80 దాటవు. సంస్కృతమైతే 95 గ్యారంటీ. భాషతో మనకేం పని, మార్కులు కావాలి" అన్నాడు. నాన్న మాట్లాడకుండా సంతకం పెట్టాడు.

97 వచ్చాయి. రెండేళ్ళు సంస్కృతం చదివాను, తెలుగు లిపిలో రాసుకుని, బట్టీ కొట్టి. ఈరోజు ఎవరైనా నన్ను నిలబెట్టి సంస్కృతంలో 'నాకు దాహంగా ఉంది' అనమంటే అనలేను. నా తెలుగు చదువు మాత్రం అక్కడితో ఆగిపోయింది. ఆ మాస్టారు బజార్లో ఎదురైతే పక్క సందులోకి తిరిగిపోయేదాన్ని. తర్వాత బి.టెక్, తర్వాత హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టులు. అక్కడే ఒక బ్రెజిల్ క్లయింటు, రోజూ ఫోన్ ఎత్తగానే "బోం జీయ" అనేవాడు. అది గుడ్ మార్నింగ్ అని తెలియడానికి నాకు వారం పట్టింది. అదే మాటని లిస్బన్‌లో "బోం దీయ" అంటారని తెలిశాక ఇక ఆగలేదు. ఒక భాషని మార్కుల కోసం కాకుండా చదవడం నాకు పదో తరగతి తర్వాత అదే మొదలు. జీతం దాచుకుని, సాయంత్రాలు నేర్చుకుని, పరీక్షలు రాసి, సీటు తెచ్చుకున్నాను. ఆ సీటు వచ్చిన రోజు ఇంట్లో స్వీటు కొనలేదు. సంస్కృతంలో 97 వచ్చిన రోజు రెండు కిలోల పూతరేకులు పంచారు.

ఇదంతా అమ్మ మీద రాస్తున్నానని మీలో కొందరు అనుకుంటారు. అమ్మ అబద్ధమాడింది, నిజమే. కానీ ఒకటి దాచాను. ఇంతసేపూ అక్కడికి రాకుండా తిప్పుకుంటూ వచ్చాను.

ఆ ఎం.బి.ఏ. మాట విన్న ఆవిడ అంతటితో ఊరుకోలేదు. నావైపు తిరిగి, "స్పెషలైజేషన్ ఎందులోనమ్మా?" అంది. నోరు తెరిస్తే చాలు. 'కాదండీ, ఎం.ఏ. పోర్చుగీసు' అంటే అయిపోయేది. అమ్మ నావైపు చూస్తోంది. బకెట్టు పట్టుకుని బాబాయి చూస్తున్నాడు.

"ఫైనాన్స్ అండీ" అన్నాను.

ఆవిడ ఇంకో గారె వేయించుకుంది. వాళ్ళబ్బాయిదీ ఫైనాన్సేనట, బెంగళూరులో. ఆదివారం మా ఇంటికి వస్తామన్నారు. నా రిటర్న్ టికెట్టు శనివారానిది. క్యాన్సిల్ చెయ్యమని అమ్మ ఇప్పటికి రెండుసార్లు తలుపు కొట్టింది.